అసమీకరణాల సాధన, సంఖ్యారేఖ, గ్రాఫు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టా గ్రామాల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకూ, ఇంటర్మీడియట్‌లో కొత్తగా చేరి సందేహాలతో వచ్చేవారికీ లెక్కలు చెబుతూ వచ్చిన నాకు, అసమీకరణాల దగ్గర ఏటా ఇంచుమించు అవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. వాటిని వారు అడిగిన తీరులోనే ఇక్కడ ఉంచి జవాబులు రాశాను. పాఠ్యపుస్తకాలలో తెలియని రాశికి ఎక్స్, వై అనే ఇంగ్లీషు అక్షరాలు వాడతారు. ఈ పేజీలో వాటి స్థానంలో క, గ అని రాశాను. అక్షరం మారినందువల్ల లెక్కలో ఏమీ మారదు. ఉదాహరణలలోని ఖర్చులు, బరువులు, వేగాలు లెక్క కోసం అనుకున్నవి. నిజంగా అమలులో ఉన్న పరిమితిని వాడినచోట ఆ సంగతి అక్కడే చెప్పాను.

సమీకరణాలు నేర్చుకున్నాం కదా, మళ్లీ ఈ అసమీకరణాలు ఎందుకు?

రెండు రాశులు సమానమని చెప్పే వాక్యం సమీకరణం. ఒకటి రెండోదాని కంటే ఎక్కువనో తక్కువనో చెప్పే వాక్యం అసమీకరణం. క + 3 = 10 అన్నప్పుడు క విలువ 7 ఒక్కటే. క + 3 < 10 అన్నప్పుడు 7 కంటే తక్కువైన ప్రతి సంఖ్యా జవాబే: 6 సరిపోతుంది, 2.5 సరిపోతుంది, 0 సరిపోతుంది, −40 కూడా సరిపోతుంది. సమీకరణానికి జవాబు సంఖ్యారేఖ మీద ఒక చుక్క అయితే, అసమీకరణానికి జవాబు ఒక మేర. ఆ మేర ఎక్కడ మొదలవుతుంది, ఎటువైపు సాగుతుంది, సరిహద్దు అందులో కలిసిందా లేదా అన్న మూడు సంగతులు తేలితే లెక్క తేలినట్టే.

మన చుట్టూ ఉన్న లెక్కల్లో 'సరిగ్గా ఇంత' అనేవి తక్కువ, 'ఇంతకు మించకూడదు', 'ఇంతకు తగ్గకూడదు' అనేవి ఎక్కువ. రేవు దాటించే పంటులో ఇంతమందికి మించి ఎక్కించకూడదు, ధాన్యంలో తేమ ఇంత శాతం దాటకూడదు, రొయ్యల చెరువులో నీటి లోతు ఇంతకు తగ్గకూడదు. ఇవన్నీ అసమీకరణాలే.

ఈ గుర్తులు ఎవరు పెట్టారు? ఏ గుర్తుకు ఏ అర్థమో ఎలా గుర్తుంచుకోవాలి?

సమానమనే గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అచ్చులోకి తెచ్చాడు. < , > అనే గుర్తులు థామస్ హారియట్ రాసిన బీజగణితంలో, ఆయన పోయిన పదేళ్లకు, 1631లో మొదటిసారి అచ్చయ్యాయి. వీటి కింద గీత చేర్చి 'లేదా సమానం' అనే అర్థాన్ని కలిపే పద్ధతి ఇంకో వంద ఏళ్లకు, 1734లో, పియర్ బూగే వాడిన తరువాత స్థిరపడింది.

గుర్తు నోరు తెరిచిన వైపు పెద్ద సంఖ్య, మొన ఉన్న వైపు చిన్న సంఖ్య ఉంటుంది. కింద గీత ఉంటే రెండూ సమానమైనా ఫరవాలేదని అర్థం. ఇంతకు మించి గుర్తుంచుకోవలసింది లేదు.

గుర్తు నోరు ఎటు ఉండాలో తెలుసు. అయినా మాటల్లో ఇచ్చిన వాక్యాన్ని గుర్తుల్లో రాసేటప్పుడు తలకిందులవుతోంది. ఎందుకని?

ఈ ప్రశ్నకు నేను చాలా విలువ ఇస్తాను, ఎందుకంటే దీన్ని పిల్లల అజాగ్రత్తగా కొట్టిపారేయడం అన్యాయం. ఇది మన భాష నడక వల్ల వచ్చే చిక్కు. తెలుగులో రెండింటిని పోల్చేటప్పుడు, దేనితో పోలుస్తున్నామో అది ముందు వస్తుంది. 'అయిదు కంటే క పెద్దది' అంటాం. చెవిన మొదట పడేది అయిదు, తరువాత క, చివర పెద్దది అనే మాట. విన్న వరుసలోనే చేయి కదిలితే 5 > క అని పడుతుంది. కానీ వాక్యం చెబుతున్నది క > 5 అని.

అందువల్ల వాక్యం చదవగానే గుర్తు పెట్టవద్దు. 'కంటే' అనే మాటకు ముందు ఏముందో చూసి దాని కింద గీత గీయండి. అది కొలబద్ద. దాన్ని కుడి పక్కన రాయండి. దేన్ని గురించి చెబుతున్నారో దాన్ని ఎడమ పక్కన రాయండి. ఆ తరువాతే, పెద్దది అన్నారా చిన్నది అన్నారా అని చూసి మధ్యలో గుర్తు పెట్టండి. నల్లబల్ల మీద నెల రోజులపాటు ఈ వరుసలోనే రాయిస్తే ఈ పొరపాటు దాదాపు పోవడం నేను చూశాను.

రెండో చిక్కు 'కనీసం' అనే మాటతో వస్తుంది. పాస్ కావడానికి కనీసం 35 మార్కులు రావాలంటే క ≥ 35. కానీ 'కనీసం' అనగానే తక్కువ అనే భావం తోచి చాలామంది క ≤ 35 అని రాస్తారు. 36 మార్కులు వచ్చినవాడు పాసా కాదా అని ఒక్కసారి అడిగితే చాలు, పిల్లలే దిద్దుకుంటారు. 'మించకుండా', 'గరిష్ఠంగా', 'వరకు' అంటే ≤ అని అర్థం. 'తగ్గకుండా' అంటే ≥. 'దాటితే', 'మించితే' అంటే >. 'లోపు' అనే మాట మాత్రం రెండు విధాలా చెల్లుతుంది: 20వ తేదీ లోపు కట్టమంటే 20న కట్టవచ్చునని కొందరు, 19తోనే సరి అని కొందరు అనుకుంటారు. లెక్కలో 'లోపు' అని వస్తే సరిహద్దును కలిపారో లేదో మీరు ఎలా అనుకున్నారో జవాబులో ఒక వాక్యం రాయండి.

సాధించే పద్ధతి సమీకరణంలాగానే ఉంటుందా?

ఒక్క తేడా తప్పిస్తే అలాగే ఉంటుంది. ఒక చిన్న బండి 1500 కిలోల వరకు మోయగలదనుకుందాం. డ్రైవరూ, కూలీ కలిపి 150 కిలోలు. ధాన్యం బస్తా 75 కిలోలు. ఎన్ని బస్తాలు వేయవచ్చు? బస్తాల సంఖ్య క అనుకుంటే:

75క + 150 ≤ 1500
75క ≤ 1350
క ≤ 18

రెండు వైపుల నుంచీ 150 తీసేశాం, తరువాత రెండు వైపులనూ 75తో భాగించాం. తక్కెడలో ఒక పళ్లెం కిందికి ఒరిగి ఉన్నప్పుడు రెండు పళ్లాల నుంచీ ఒకే బరువు తీసినా, రెండింటిలో ఒకే బరువు వేసినా ఒరుగు మారదు కదా. కూడిక, తీసివేతల్లో అసమీకరణం నోరు మారకపోవడానికి కారణం అదే. ధన సంఖ్యతో గుణించినా, భాగించినా కూడా మారదు.

జవాబు క ≤ 18 అని వచ్చింది. సంఖ్యారేఖ మీద 18 నుంచి ఎడమవైపు మొత్తం గీత గీస్తే మా సార్ తప్పన్నారు.

మీ సార్ సరిగానే చెప్పారు. బండిలో పన్నెండున్నర బస్తాలు, మైనస్ మూడు బస్తాలు వేయలేం. క ఇక్కడ పూర్ణ సంఖ్య, పైగా సున్నా కంటే తక్కువ కాలేనిది. కాబట్టి 0, 1, 2 మొదలుకొని 18 వరకు విడివిడి చుక్కలు పెట్టాలి. క ఏ వాస్తవ సంఖ్యైనా కావచ్చునని చెప్పినప్పుడు మాత్రమే 18 దగ్గర నిండు చుక్క పెట్టి, ఎడమవైపు బాణంతో గీత సాగించాలి. గీత గీయాలా, చుక్కలు పెట్టాలా అన్నది లెక్కలోని వస్తువును బట్టి ఉంటుంది: నీటి మట్టం, బరువు, కాలం అయితే గీత, మనుషులు, బస్తాలు, కొబ్బరికాయలు అయితే చుక్కలు.

ఋణ సంఖ్యతో భాగిస్తే గుర్తు ఎందుకు తిరగబడుతుంది? నియమం తెలుసు, కారణం కావాలి.

సంఖ్యారేఖ గీసి సున్నా దగ్గర ఒక అద్దం నిలబెట్టినట్టు ఊహించండి. −1తో గుణించడమంటే ప్రతి సంఖ్యనూ ఆ అద్దంలో దాని ప్రతిబింబం ఉన్నచోటికి పంపడం. 2, 5 రెండూ కుడివైపున ఉన్నాయి. 5 సున్నాకు దూరంగా, 2 దగ్గరగా ఉంది. అద్దంలో కూడా −5 దూరంగా, −2 దగ్గరగానే ఉంటాయి. కానీ ఎడమవైపున దూరంగా ఉన్నది చిన్న సంఖ్య. అందువల్ల 2 < 5 అన్నది −2 > −5 అయింది. సంఖ్యలు పక్క మారడంతో వాటి వరుస తిరగబడింది, దానితోపాటు గుర్తూ తిరగబడింది.

ఇప్పుడు దీన్ని కళ్లంలో చూద్దాం. ప్రభుత్వం మద్దతు ధరకు కొనే ధాన్యంలో తేమ 17 శాతానికి మించకూడదు. ఇది నిజంగా అమలులో ఉన్న పరిమితి. కోత కోసిన ధాన్యంలో 23 శాతం తేమ ఉందనీ, ఎండలో ఆరబోస్తే రోజుకు 2 శాతం చొప్పున తగ్గుతుందనీ అనుకుందాం. నిజానికి ఎండ, గాలి, మబ్బును బట్టి ఈ వేగం మారుతుంది. లెక్క కోసం ఒకేలా తీసుకున్నాం. ఎన్ని రోజులు ఆరబెట్టాలి?

23 − 2క ≤ 17
−2క ≤ −6
క ≥ 3

రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు వచ్చేటప్పుడు −2తో భాగించాం, కాబట్టి ≤ కాస్తా ≥ అయింది. తిప్పడం మరిచిపోతే క ≤ 3 వచ్చేది. దాని అర్థం ఏమిటో పైకి చదివి చూడండి: 'మూడు రోజులు గానీ, అంతకంటే తక్కువ గానీ ఆరబెడితే చాలు, అసలు ఆరబెట్టకపోయినా ఫరవాలేదు.' పచ్చి ధాన్యాన్ని కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లి తిప్పి తెచ్చుకున్న ఏ రైతు బిడ్డకైనా ఇది తప్పని క్షణంలో తెలుస్తుంది. నియమాన్ని బట్టీ పట్టిన పిల్లవాడు దాన్ని పరీక్షలో మరిచిపోవచ్చు గానీ, జవాబును మాటల్లో చదివే అలవాటున్నవాడు ఈ తప్పు దగ్గర తప్పకుండా ఆగుతాడు.

తిప్పడమంటే భయం ఉన్నవారికి ఇంకో దారి ఉంది. −2క ను కుడివైపుకూ, 17ను ఎడమవైపుకూ పంపండి: 23 − 17 ≤ 2క, అంటే 6 ≤ 2క, అంటే 3 ≤ క. ఋణ సంఖ్యతో భాగించే పనే రాలేదు, జవాబు మాత్రం అదే.

మైనస్ కనబడిన ప్రతిచోటా తిప్పాలా?

వద్దు. 3క < −12 అన్నదాన్ని 3తో భాగిస్తే క < −4 వస్తుంది. భాగించినది +3తో; కాబట్టి తిప్పే పని లేదు. క − 7 > 2 లోని 7ను పక్క మార్చినా తిప్పే పని లేదు. మనం దేనితో గుణిస్తున్నాం, దేనితో భాగిస్తున్నాం అన్నది ఒక్కటే చూడాలి.

ఈ గందరగోళానికి మేము చెప్పే మాటలు కూడా కొంత కారణం. 'అటు వెళ్తే గుర్తు మారుతుంది' అని పక్షాంతరం, అంటే ఒక పదాన్ని ఒక పక్క నుంచి రెండో పక్కకు పంపడం, నేర్పేటప్పుడు అంటాం. 'మైనస్‌తో భాగిస్తే గుర్తు మారుతుంది' అని అసమీకరణాల దగ్గర అంటాం. మొదటి గుర్తు ప్లస్ లేదా మైనస్. రెండో గుర్తు < లేదా >. రెండింటికీ ఒకే మాట వాడితే పిల్లవాడు 7ను పక్క మార్చినప్పుడు రెండింటినీ మార్చేస్తాడు. బోధన మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే చెప్పాను, ఒక తరగతి మొత్తం అదే తప్పు రాసినప్పుడు గాని నాకు కారణం తోచలేదు. అప్పటి నుంచి మొదటిదాన్ని గుర్తు అనీ, రెండోదాన్ని నోరు అనీ వేరుచేసి చెబుతున్నాను: 'పక్క మారితే గుర్తు మారుతుంది, ఋణ సంఖ్యతో భాగిస్తే నోరు తిరుగుతుంది.'

సంఖ్యారేఖ మీద ఎక్కడ ఖాళీ చుక్క పెట్టాలి, ఎక్కడ నిండు చుక్క పెట్టాలి?

సరిహద్దు సంఖ్య జవాబులో భాగమైతే నిండు చుక్క, కాకపోతే ఖాళీ చుక్క. అంటే ≤, ≥ లకు నిండు చుక్క. <, > లకు ఖాళీ చుక్క. పొలం కొలిచేటప్పుడు గట్టు మన లెక్కలోకి వస్తుందా రాదా అని తేల్చుకుంటాం కదా, ఇదీ అటువంటిదే. గట్టు ఎక్కడుందో రెండు సందర్భాల్లోనూ చూపించాలి. ఖాళీ చుక్క పెట్టడమంటే అక్కడ సరిహద్దు లేదని కాదు, సరిహద్దు ఉంది గాని మనది కాదని.

ఒకేసారి రెండు హద్దులుంటే ఎలా సాధించాలి?

దీనికి ధవళేశ్వరం వరద హెచ్చరికల కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆనకట్ట దగ్గర నీటి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు చేరితే రెండోది, 17.75కు చేరితే మూడోది జారీ చేస్తారు. ఈ మూడు సంఖ్యలూ లంక గ్రామాల్లో పెద్దా చిన్నా అందరికీ నోటికి వచ్చు. మట్టం క అడుగులు అనుకుంటే మొదటి హెచ్చరిక మాత్రమే అమలులో ఉండే స్థితి ఇది:

11.75 ≤ క < 13.75

ఎడమ హద్దు దగ్గర 'చేరితే' అన్నారు కాబట్టి సమానం కలిసింది. కుడి హద్దుకు చేరిన క్షణం రెండో హెచ్చరిక వస్తుంది కాబట్టి అక్కడ సమానం కలవలేదు. సంఖ్యారేఖ మీద 11.75 దగ్గర నిండు చుక్క, 13.75 దగ్గర ఖాళీ చుక్క, మధ్యలో గీత.

సంఖ్యారేఖ ఎప్పుడూ అడ్డంగానే ఉండాలని లేదు. కాలవ లాకుల దగ్గర నీళ్లలో నిలబెట్టిన కొలత పలకను దగ్గరగా చూడండి. కింది నుంచి పైకి అంకెలు, అంకెల మధ్య సన్నని గీతలు, నీరు తాకినంత మేర ఒండ్రు మరక. అది నిలువుగా నిలబెట్టిన సంఖ్యారేఖే. పైకి వెళ్లేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. మరక ఎక్కడ ఆగిందో అదే సరిహద్దు.

ఇప్పుడు లెక్క. మట్టం ప్రస్తుతం 9.5 అడుగులు ఉండి గంటకు 0.25 అడుగు చొప్పున పెరుగుతోందనుకుందాం. ఎన్ని గంటల తరువాత మొదటి హెచ్చరిక అమలులో ఉంటుంది? గంటల సంఖ్య క అయితే:

11.75 ≤ 9.5 + 0.25క < 13.75
2.25 ≤ 0.25క < 4.25
9 ≤ క < 17

మూడు భాగాలకూ ఒకే పని చేయాలి: మూడింటి నుంచీ 9.5 తీసివేశాం, మూడింటినీ 0.25తో భాగించాం. జవాబును మాటల్లో చదివితే, తొమ్మిదో గంటకు మొదటి హెచ్చరిక వస్తుంది, పదిహేడో గంటకు రెండోది వస్తుంది, మధ్యలో ఎనిమిది గంటల వ్యవధి ఉంటుంది. పశువులను గట్టుకు చేర్చుకోవడానికీ, సామాను సర్దుకోవడానికీ ఆ ఎనిమిది గంటలు చాలా విలువైనవి, కాబట్టి ఈ రకం లెక్కను పిల్లలు శ్రద్ధగా నేర్చుకోవాలని నా కోరిక.

మూడు భాగాలనూ ఋణ సంఖ్యతో భాగించవలసి వస్తే రెండు నోళ్లూ తిరుగుతాయి. 4 < −2క ≤ 10 అన్నది −2 > క ≥ −5 అవుతుంది. దాన్ని చిన్న సంఖ్య ఎడమవైపు వచ్చేలా −5 ≤ క < −2 అని తిరగరాస్తే గీత గీయడం సులభం.

'లేదా' అని వచ్చినప్పుడు కూడా ఇలాగే ఒకే వరుసలో రాయవచ్చా?

రాయకూడదు. రొయ్యల చెరువు నీటిలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.5 నుంచి 8.5 వరకు ఉంటే మంచిదని సాగుదారులకు చెబుతారు. ఆ మంచి మేరను 7.5 ≤ క ≤ 8.5 అని రాస్తాం. మరి జాగ్రత్తపడవలసిన మేర ఏది? 7.5 కంటే తగ్గినా, 8.5 కంటే పెరిగినా. దాన్ని క < 7.5 లేదా క > 8.5 అని రెండు ముక్కలుగా రాయాలి. చాలామంది 8.5 < క < 7.5 అని ఒకే వరుసలో రాస్తారు. క ను వేలితో మూసి చదవండి: 8.5 < 7.5 అని ఉంది. అది ఎన్నటికీ నిజం కాదు. సంఖ్యారేఖ మీద 'మరియు' సాధారణంగా మధ్యనున్న ఒక ముక్కను ఇస్తుంది. 'లేదా' ఇటువంటి లెక్కల్లో రెండు వైపులకూ పోయే రెండు ముక్కలను ఇస్తుంది.

రొయ్య పెద్దదైతే కౌంట్ తగ్గుతుంది. ఇది కూడా అసమీకరణం తిరగబడటమేనా?

అవును, అయితే కారణం వేరు. మా ప్రాంతంలో ఈ ప్రశ్న అడిగే పిల్లలు ఎక్కువే, ఎందుకంటే వారు ఇంట్లో రోజూ వినే మాట ఇది.

పట్టుబడికి ముందు తెల్లవారుజామున చెరువు గట్టు మీద జరిగేది చూడండి. విసురు వల వేసి లాగుతారు. నీళ్లు కారుతున్న వల నుంచి రొయ్యలను ప్లాస్టిక్ తట్టలోకి దులుపుతారు. అందులో నుంచి ఒక కిలో తూచి, నాలుగేసి చొప్పున పక్కకు తీస్తూ లెక్కపెడతారు. నలభై వస్తే 40 కౌంట్, వంద వస్తే 100 కౌంట్. కిలో అంటే 1000 గ్రాములు కాబట్టి కౌంట్ క అయితే ఒక్కో రొయ్య సగటు బరువు 1000/క గ్రాములు. 100 కౌంట్ రొయ్య 10 గ్రాములు, 50 కౌంట్ రొయ్య 20 గ్రాములు, 40 కౌంట్ రొయ్య 25 గ్రాములు తూగుతుంది.

సగటు బరువు 25 గ్రాములకు తగ్గకూడదని కొనేవారు అడిగితే:

1000/క ≥ 25
1000 ≥ 25క
40 ≥ క

అంటే కౌంట్ 40కి మించకూడదు. రెండు ధన సంఖ్యలను తీసుకుని ఒక్కొక్కదాని వ్యుత్క్రమాన్ని రాస్తే వాటి వరుస తిరగబడుతుంది: 40 < 50 కాబట్టి 1/40 > 1/50. ఒకే కిలోను ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరికి వచ్చేది తగ్గుతుంది. ఇందులో ఋణ సంఖ్యకు పాత్రే లేదు.

రెండో మెట్టులో మనం చేసిన పనిని గమనించాలి. రెండు వైపులనూ క తో గుణించాం, నోరు తిప్పలేదు. కౌంట్ ఎప్పుడూ ధన సంఖ్యే కాబట్టి ఆ ధైర్యం చేశాం. క ధనమో ఋణమో తెలియనప్పుడు దానితో గుణించడం ప్రమాదం. 6/క > 2 అనే లెక్కను చూడండి. తొందరపడి 6 > 2క అని రాసి క < 3 అని తేల్చేవారు చాలామంది. కానీ క = −1 పెడితే ఎడమవైపు −6 వస్తుంది, అది 2 కంటే పెద్దది కాదు. క ఋణమైతే 6/క కూడా ఋణమే, కాబట్టి ఆ వైపు జవాబులు ఉండవు. సున్నాతో భాగించలేం కాబట్టి సున్నా కూడా కాదు. సరైన జవాబు 0 < క < 3.

రెండు చరరాశులుంటే గ్రాఫు ఎలా గీయాలి?

ఒక చరరాశి, అంటే క లాంటి తెలియని రాశి, ఉంటే జవాబు సంఖ్యారేఖలో ఒక ముక్క. రెండు ఉంటే జవాబు తలంలో ఒక ప్రాంతం, అంటే అక్షరాలా ఒక పొలం. ఒక రైతుకు 5 ఎకరాలున్నాయి. కొంత వరి, కొంత అరటి వేద్దామనుకున్నాడు. వరి క ఎకరాలు, అరటి గ ఎకరాలు అనుకుంటే క + గ ≤ 5. కొంత ఖాళీగా వదిలినా తప్పులేదు కాబట్టి సమానం అనలేదు.

మొదట ≤ స్థానంలో = ఉన్నట్టు భావించి సరళరేఖ గీయండి. క = 0 అయితే గ = 5, గ = 0 అయితే క = 5. (0, 5), (5, 0) అనే రెండు బిందువులను కలపండి. గుర్తు కింద గీత ఉంది కాబట్టి నిండు గీత గీయాలి. < లేదా > ఉంటే తెగిన గీత గీయాలి. ఈ గీత తలాన్ని రెండు అర్ధతలాలుగా చీలుస్తుంది. ఏ వైపు మనదో తెలియడానికి గీత మీద లేని ఏదైనా ఒక బిందువును పెట్టి చూడండి. మూలబిందువు (0, 0) అన్నిటికంటే సులభం: 0 + 0 ≤ 5 నిజం, కాబట్టి మూలబిందువు ఉన్న వైపంతా మనది. ఆ వైపు గీతలతో నింపండి. ఎకరాలు ఋణం కాలేవు కాబట్టి క ≥ 0, గ ≥ 0 కూడా కలపాలి. దానితో మొదటి పాదంలోని (రెండు అక్షాల మధ్య కుడి పైభాగంలోని) త్రిభుజం మిగులుతుంది.

ఇప్పుడు పెట్టుబడి. ఎకరానికి వరికి 30 వేలు, అరటికి 90 వేలు కావాలనీ, రైతు చేతిలో 2 లక్షల 70 వేలు ఉన్నాయనీ అనుకుందాం. వేలల్లో రాస్తే 30క + 90గ ≤ 270. మొత్తాన్ని 30తో భాగిస్తే క + 3గ ≤ 9. దీని గీత (9, 0), (0, 3) గుండా పోతుంది. మొదటి గీతను ఎక్కడ ఖండిస్తుందో చూడాలంటే ఒక సమీకరణం నుంచి రెండోది తీసేయండి: 2గ = 4, గ = 2, క = 3. రెండు షరతులకూ ఒకేసారి ఒదిగే ప్రాంతం (0, 0), (5, 0), (3, 2), (0, 3) మూలలుగా ఉన్న చతుర్భుజం. దాని లోపలా, గట్ల మీదా ఉన్న ప్రతి బిందువూ ఆ రైతుకు సాధ్యమయ్యే ఒక ఏర్పాటు. (2, 2) లోపల ఉంది: 4 ఎకరాలు సాగు, ఖర్చు 2 లక్షల 40 వేలు, రెండూ చాలుతాయి. (1, 4) బయట ఉంది: భూమి చాలింది, డబ్బు చాలలేదు. రావులపాలెం మార్కెట్‌కు అరటి గెలలు పంపుదామని ఆశపడి నాలుగు ఎకరాలు వేయబోయే వ్యక్తికి ఈ చిత్రం ఎక్కడ ఆగాలో చూపిస్తుంది.

గీత మూలబిందువు గుండానే పోతే ఏ బిందువుతో సరిచూడాలి?

గీత మీద లేని ఏ బిందువైనా చెల్లుతుంది. గ > 2క అనే లెక్కకు (1, 0) పెట్టి చూడండి: 0 > 2 అబద్ధం. కాబట్టి (1, 0) లేని వైపు నింపాలి, గీత తెగిన గీతగా ఉండాలి.

సాధిస్తుంటే క పూర్తిగా మాయమైపోయింది. ఇప్పుడేం రాయాలి?

మిగిలిన వాక్యం నిజమో అబద్ధమో చూడండి. 2క + 3 < 2క + 7 లో 3 < 7 మిగిలింది. అది ఎప్పుడూ నిజం కాబట్టి ప్రతి సంఖ్యా జవాబే, సంఖ్యారేఖ మొత్తం గీత గీయాలి. 2క + 7 < 2క + 3 లో 7 < 3 మిగిలింది. అది ఎప్పుడూ అబద్ధం కాబట్టి జవాబు లేదు, సాధన సమితి శూన్యం.

3 < క అని వచ్చింది. క > 3 అని రాయకపోతే మార్కులు పోతాయా?

రెండూ ఒకే వాక్యం, పోకూడదు. అయితే గీత గీసే ముందు క ను ఎడమవైపుకు తెచ్చుకోవడం మేలు, అప్పుడు గుర్తు మొన చూపే దిక్కే సంఖ్యారేఖ మీద బాణం దిక్కు అవుతుంది. క > 3 కు కుడివైపు, క < 3 కు ఎడమవైపు. 3 < క అని వదిలేసి మొన చూసి బాణం వేస్తే ఎడమవైపు పడుతుంది, అది తప్పు.

పరీక్షలో జవాబు సరైనదో కాదో త్వరగా ఎలా సరిచూసుకోవాలి?

మూడు విలువలు పెట్టండి: సరిహద్దు ఒకటి, దాని ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. ధాన్యం లెక్కనే తీసుకుంటే 23 − 2క ≤ 17 కు సరిహద్దు 3. క = 3 పెడితే 17 ≤ 17, నిజం, కాబట్టి నిండు చుక్క సరైనదే. క = 2 పెడితే 19 ≤ 17, అబద్ధం. క = 4 పెడితే 15 ≤ 17, నిజం, కాబట్టి గీత కుడివైపుకే పోవాలి. సరిహద్దు విలువ పెట్టినప్పుడు రెండు వైపులా సమానం రాకపోతే సాధనలోనే ఎక్కడో కూడికో తీసివేతో భాగహారమో తప్పింది. సమానం వచ్చి పక్క విలువల దగ్గర తేడా వస్తే నోరు తిప్పడంలో తప్పు జరిగింది. ఏ మెట్టు దగ్గరికి తిరిగి వెళ్లాలో దీనితో తెలిసిపోతుంది.